పులస పేరు ప్రపంచానికి చేరేదే.. జస్ట్ మిస్! తెలుగు పాములు, చేపల లెక్క రాసిన డాక్టర్ రస్సెల్ కథ

హైదరాబాద్: వానలు మొదలయ్యాయంటే పాతబస్తీ ఇళ్లల్లో ఒక సీన్ మామూలే. శాలిబండలోనో, హుస్సేనీ ఆలంలోనో ఏదో పాత ఇంటి వాకిట్లో పూల కుండీ జరుపుతారు. కింద నల్లగా, సన్నగా, జానెడు కూడా లేని జీవి ఒకటి మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. వానపామే కదా అని చాలామంది చెప్పుతో తోసేస్తారు.

కానీ అన్నిసార్లూ అది వానపాము కాదు. కొన్నిసార్లు అది నిజమైన పామే! విషం లేదు. చీమల గుడ్లు, చెదపురుగులు తిని బతుకుతుంది. కళ్లు రెండు చిన్న చుక్కల్లా ఉంటాయి, చూపు అంతంతమాత్రమే. తల ఏదో తోక ఏదో దగ్గరగా చూస్తే తప్ప తెలీదు. అందుకే మనవాళ్లు దీన్ని రెండు తలల పాము అన్నారు. (స్మగ్లర్లు లక్షలకు అమ్ముతూ పట్టుబడ్డారని వార్తల్లో వచ్చేది వేరే పాము. అది లావుగా ఉండే ఇసుక పాము. రెండింటికీ జనం ఒకే పేరు పెట్టేశారు.)

ఇప్పుడు అసలు విషయం. ఈ కుండీ పాము అంటార్కిటికా తప్ప దాదాపు అన్ని ఖండాలకూ పాకింది. మొక్కల వేళ్ల మట్టిలో దాక్కుని ఓడలెక్కి వెళ్లిపోయింది. దీనిలో అన్నీ ఆడపాములే. మగదాని అవసరం లేకుండానే గుడ్లు పెడతాయి. అంటే ఒక్కటి చేరినా చాలు, కొత్త దేశంలో సంతానం మొదలైనట్టే. ఇంతగా విస్తరించిన ఈ పాముకు సైన్స్ రికార్డుల్లో సొంతూరు ఏదో తెలుసా? మన విశాఖపట్నం. తొలిసారి దాని బొమ్మ గీయించి, పక్కన తెలుగు పేరు రాయించిన మనిషి ఒక స్కాట్లాండ్ డాక్టర్. పేరు పాట్రిక్ రస్సెల్.

ఆ పేరు ఎక్కడో విన్నట్టుందా? అవును, రస్సెల్స్ వైపర్. మన రక్తపింజర. ఆ రస్సెల్ ఈయనే.

ఎవరీ రస్సెల్?

1726లో ఎడిన్‌బరాలో పుట్టారు. అక్కడే వైద్యం చదివారు. సవతి అన్న అలెగ్జాండర్ అప్పటికే సిరియాలోని అలెప్పో నగరంలో ఇంగ్లిష్ వర్తకులకు డాక్టర్. 1750లో తమ్ముడూ అక్కడికే చేరాడు. మూడేళ్లకు అన్న వెళ్లిపోతే ఆ ఉద్యోగం ఈయనకొచ్చింది.

అలెప్పోలో ఇరవై ఏళ్లు. అరబిక్ వచ్చేసింది. అక్కడి పాషా ఆయనకు తలపాగా ధరించే గౌరవం ఇచ్చాడు. 1760 నుంచి 1762 వరకు ఆ నగరాన్ని ప్లేగు ఊపేసింది. ఆ రోజుల్లో ఎవరికి ఎప్పుడు జ్వరమొచ్చింది, గడ్డలు ఎక్కడ లేచాయి, ఎవరు బతికారు అని ఆయన నోట్స్ రాసుకుంటూ పోయారు. అవి తర్వాత, 1791లో, పెద్ద పుస్తకంగా వచ్చాయి. నమ్మకాలను పక్కనపెట్టి కంటికి కనిపించింది రాసుకోవడం ఆయనకు అక్కడ అబ్బిన అలవాటు. విశాఖలో అదే పనికొచ్చింది.

లండన్ తిరిగొచ్చి ప్రాక్టీసు పెట్టారు. 1777లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. యాభై దాటిన మనిషి, పేరుంది, హాయిగా రిటైర్ అయిపోవచ్చు. అలా చేయలేదు. 1781లో తమ్ముడు క్లాడ్ రస్సెల్‌కు ఈస్ట్ ఇండియా కంపెనీ విశాఖపట్నం పాలన అప్పగించింది. తమ్ముడికి తోడుగా ఓడెక్కేశారు.

అప్పటికి హైదరాబాద్‌లో నిజాం అలీఖాన్ పాలన నడుస్తోంది. విశాఖ చుట్టుపక్కల జిల్లాలన్నీ, అంటే ఉత్తర సర్కారులు, 1766 ఒప్పందంతో నిజాం చేతుల్లోంచి కంపెనీకి పోయాయి. లేకపోతే రస్సెల్ దిగింది నిజాం రేవులోనే అయ్యుండేది.

డాక్టర్ చేతికి పాములెందుకు వచ్చాయి?

ఆ రోజుల్లో మద్రాసు ప్రభుత్వానికి ఒక ప్రకృతి శాస్త్రవేత్త ఉండేవారు. పేరు కోనిగ్. మొక్కలకు, జంతువులకు రెండు మాటల లాటిన్ పేరు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్‌కు నేరుగా శిష్యుడు. 1785లో కాకినాడ పక్కనున్న జగన్నాథపురంలో ఆయన చనిపోయారు. ఆ ఉద్యోగం రస్సెల్‌కు వచ్చింది. సామర్లకోటలో మొక్కల మీద పనిచేస్తున్న రాక్స్‌బర్గ్ అనే మరో స్కాట్ డాక్టర్‌ను ఆయన బాగా ప్రోత్సహించారు. కోరమాండల్ మొక్కల మీద రాక్స్‌బర్గ్ వేసిన పెద్ద పుస్తకానికి ముందుమాట రస్సెల్‌దే.

కానీ ఆయనను పట్టుకున్నది మొక్కలు కాదు, పాములు. కారణం సింపుల్. జనం చనిపోతున్నారు. కంపెనీ సిపాయిలకూ, పొలాల్లో రైతులకూ పాము కనిపిస్తే ఒకటే భయం. ఏది విషపుదో, ఏది కాదో చెప్పేవాడు లేడు. విషం లేని పాము కరిచి బతికినవాడు మంత్రం వల్ల బతికానంటాడు. నిజంగా విషమెక్కినవాడికి ఆ మంత్రం పనిచేయదు. ఏ పాము కరిచిందో తేలకుండా ఏ మందు పనిచేస్తుందో ఎలా తేలుతుంది? రస్సెల్ పట్టుకున్న పాయింట్ ఇదే. ముందు గుర్తుపట్టాలి, ఆ తర్వాతే వైద్యం.

పాములు తెప్పించడం మొదలుపెట్టారు. పట్టినవాళ్లు చెప్పిన తెలుగు పేరును తన చెవికి వినపడినట్టు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నారు. తర్వాత లెక్క. పొట్ట కింద అడ్డ పొలుసులు ఎన్ని, తోక కింద ఎన్ని, నోట్లో కోరలున్నాయా లేదా, ఉంటే ఎక్కడ. రంగు నమ్మడానికి లేదు, ఒకే జాతిలో పిల్లకో రంగు, పెద్దదానికో రంగు ఉంటుంది. పొలుసుల లెక్క అంత తేలిగ్గా మోసం చేయదు. ఇది లినేయస్ నేర్పిన దారే.

కోళ్లను, కుక్కలను కరిపించి ఎంతసేపటికి ఏమవుతుందో టైమ్ చూసి రాశారు. ఇప్పుడు వింటే ఒళ్లు జలదరిస్తుంది, ఆ కాలంలో వేరే దారి లేదు. తంజావూరు మాత్రలు అని అప్పట్లో బాగా పేరున్న మందు ఒకటి ఉండేది. అందులో పాషాణం, అంటే ఆర్సెనిక్ కలిపేవారు. దాన్నీ పరీక్షించారు. నమ్మకంగా పనిచేసే విరుగుడు మాత్రం ఆయనకు దొరకలేదు. దొరికే అవకాశమూ లేదు. పాముకాటుకు సీరం తయారుకావడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

అయితే ఒకటి తేల్చారు. నాగుపాము తర్వాత అంతటి ప్రమాదకరమైనది మరొకటుంది. దాన్ని స్థానికులు కాటుక రేకుల పొడ అంటున్నారు.

ఒక్కసారి ఆ పేరు చూడండి. పొడ అంటే పొడపాము. ఒంటి మీద గోధుమ రంగు మచ్చలు వరసగా ఉంటాయి, ప్రతి మచ్చ చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి అంచు. పువ్వు రేకులకు కాటుక పెట్టినట్టు. పాము పేరుగా ఇంతకంటే పనికొచ్చే వర్ణన ఇంకోటి ఉంటుందా? విన్నవాడు జీవితంలో ఒక్కసారి చూసినా గుర్తుపట్టేస్తాడు. ఆ పేరు పెట్టింది రస్సెల్ కాదు, ఆ పాములతో బతికిన మన ఊళ్లవాళ్లు.

పేరు రాసింది ఈయన, హక్కు పోయింది ఇంకొకరికి!

1789లో రస్సెల్ ఇండియా వదిలేశారు. 1796లో లండన్‌లో కోరమాండల్ తీరపు పాముల పుస్తకం మొదటి భాగం వచ్చింది. ఖర్చు ఈస్ట్ ఇండియా కంపెనీది. రంగుల బొమ్మలు, ప్రతి బొమ్మకూ వివరాలు, పొలుసుల లెక్కలు. పేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం తెలుగు మాటే.

ఇక్కడే ట్విస్ట్. సైన్స్ రూల్ ప్రకారం ఒక జీవికి రెండు మాటల లాటిన్ పేరు ముందుగా అచ్చులో పెట్టినవాడికే ఆ పేరు పెట్టిన ఘనత దక్కుతుంది. మొదటి మాట ప్రజాతి, రెండో మాట జాతి. ఇంటిపేరు, సొంత పేరు లాంటివన్నమాట. రస్సెల్ ప్రజాతి రాసి, రెండో మాట ఉండాల్సిన చోట తెలుగు పేరుతో ఆగిపోయారు. పొలుసులు ఆయనే లెక్కపెట్టారు, బొమ్మలు ఆయనే వేయించారు, కానీ నామకరణం చేయలేదు.

దాంతో యూరప్‌లో కూర్చున్న పండితులు ఆయన పుస్తకం ముందు పెట్టుకుని పేర్లు పెట్టేశారు. విశాఖ తీరం వాళ్లు చూసింది లేదు. 1797లో లండన్‌లో జార్జ్ షా అనే ఆయన కాటుక రేకుల పొడకు రస్సెల్ పేరే పెట్టాడు. ఇది గౌరవమే అనుకోండి. 1803లో పారిస్‌లో డోడాన్ మన రెండు తలల పాముకు బ్రామినస్ అని పెట్టాడు. అదే ఏడాది కట్లపాముల ప్రజాతికి పేరు కావాల్సి వచ్చినప్పుడు మాత్రం డోడాన్ రస్సెల్ రాసుకున్న తెలుగునే వాడుకున్నాడు. పసుపు, నలుపు పట్టీల పామును మనవాళ్లు బంగారు పాము అన్నారు కదా, అదే బంగారస్ అయింది. ఈరోజుకీ ప్రపంచంలో ఏ దేశంలో కట్లపాము గురించి రాసినా బంగారస్ అనే రాయాలి. పాతబస్తీ బహదూర్‌పురా జూపార్కుకు పిల్లలతో వెళ్లినప్పుడు పాముల విభాగం దగ్గర ఇది చెప్పండి, నమ్మరు.

ఇక చేపల సంగతి

నాకైతే పాముల కంటే చేపల కథే ఎక్కువ బాధనిపిస్తుంది. 1803లో రస్సెల్ ఇంకో పుస్తకం వేశారు. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వివరాలు, బొమ్మలు. బొమ్మలు గీసింది స్థానిక చిత్రకారుడు. పుస్తకం మీదున్న పేరు రస్సెల్‌ది.

రెండు వందల చేపలకూ జాలర్లు చెప్పిన పేర్లే. ముట్టుకుంటే కరెంట్ షాక్ కొట్టే టేకు చేపకు తెమిరీ అని రాసుకున్నారు. మన తిమ్మిరే అది! సొర చేపను సొర్రా అన్నారు. జర్మన్ శాస్త్రవేత్తలు 1839లో ఒక సొరకు పెట్టిన జాతి పేరూ సొర్రానే. తోలుపారను టోల్ పారా అని రాసుకున్నారు. ఫ్రాన్స్‌లో క్యువియే ఆ చేపకు టోల్ అని జాతి పేరు పెట్టాడు, ఇప్పటికీ అదే చెల్లుతోంది. వందేళ్లు దాటినా ఆ పుస్తకం పని అయిపోలేదు. సొరింగ్ అని రస్సెల్ రాసుకున్న మాటే 1982లో మళ్లీ సైన్స్‌లోకి వచ్చింది. ఆ కుటుంబంలో కొత్త జాతిని గుర్తించిన మన తూర్పు తీరపు శాస్త్రవేత్తలు దానికి సొరింగా అని పేరు పెట్టారు.

మరి పులస?

రస్సెల్ పుస్తకంలో పులస ఉంది. పలసా అని స్పెల్లింగ్. బొమ్మ ఉంది, వర్ణన ఉంది, 1803 నాటికే అచ్చయిపోయింది. లాటిన్ రెండో మాట మాత్రం లేదు.

పంతొమ్మిదేళ్లు గడిచాయి. 1822లో గంగానది చేపల మీద ఇంకో పుస్తకం వచ్చింది. రాసింది ఫ్రాన్సిస్ హామిల్టన్. ఈయనా స్కాట్లాండ్ వాడే, ఎడిన్‌బరాలో చదివినవాడే, కంపెనీ డాక్టరే. బెంగాలీలు ఇలిష్ అని పిలిచే చేపకు ఆయన ఇలిషా అని లాటిన్ పద్ధతిలో పేరు పెట్టేశాడు. 1829లో క్యువియే రస్సెల్ బొమ్మ చూసి అదే చేపకు పలసా అని పేరు పెట్టాడు. కానీ ఏడేళ్లు లేటు. రెండూ ఒకటే చేప అని తేలాక ముందొచ్చిన పేరే నిలిచింది. పలసా పాత పేర్ల జాబితాలోకి వెళ్లిపోయింది.

అంటే రస్సెల్ 1803లో ఆ బొమ్మ కింద ఒక్క మాట లాటిన్ పద్ధతిలో రాసి ఉంటే చాలు. ఈరోజు బంగ్లాదేశ్‌లో హిల్సా గురించి ఎవరు పేపర్ రాసినా అందులో పులస అనే రాసేవారు. సముద్రంలో ఉంటే ఇలస, గోదావరికి ఎదురీదితే పులస అంటూ పుస్తెలమ్మైనా తినాలనుకునే గోదావరి జనానికి ఇది ఎంత మిస్సో వేరే చెప్పాలా?

ఆయనది తప్పేనా అంటే చెప్పడం కష్టం. పేరు పెట్టడమంటే ఇది ఇంకెక్కడా ఎవరూ వర్ణించలేదని హామీ ఇవ్వడమే. జాలరి పిలిచే పేరును ఉన్నదున్నట్టు రాసుకున్నవాడు కనీసం అబద్ధమైతే ఆడలేదు. చెప్పాలంటే, పులస వంటి పేర్లు ఇంగ్లిష్ అచ్చులో నిలిచింది ఆయన ఆ జాగ్రత్త వల్లే. గబగబా సొంత పేర్లు పెట్టేసి ఉంటే బంగారసూ ఉండేది కాదు, సొరింగా కూడా ఉండేది కాదేమో.

లెక్కపెట్టడమే అసలు పని

పాముకైతే పొలుసులు, చేపకైతే రెక్కల్లో ముళ్లు. మరి వలలో చేపలతో పాటు వచ్చే సముద్రపు పురుగుల సంగతి? రస్సెల్ కాలానికి అవన్నీ ఒకే గంపలో ఉండేవి. ఎముక లేని మెత్తటి జీవి ఏది దొరికినా లినేయస్ వెర్మీస్, అంటే పురుగులు అనే ఖాతాలో వేసేశాడు. నత్త అందులోనే, జలగ అందులోనే. ఒళ్లంతా ఉంగరాలు పేర్చినట్టుండే వాటిని విడదీసి పేరిచ్చింది ఫ్రాన్స్‌కు చెందిన లామార్క్. అదీ ఆ రోజుల్లోనే. స్కూల్లో మనం చదువుకున్న అనెలిడా అదే. వానపాము, జలగ, సముద్రంలో ఒళ్లంతా నూగుముళ్లతో ఉండే పాలీకీట్ పురుగులు, అన్నీ అందులోకి వస్తాయి.

ఈ సముద్రపు పురుగులను గుర్తుపట్టడం పాముల కంటే కష్టం. ఎన్ని ఉంగరాలున్నాయి, ఒక్కో ఉంగరానికి పక్కన ముళ్లెన్ని, ముల్లు కొన చీలిందా లేదా, తల మీద మీసాలెన్ని.. అన్నీ మైక్రోస్కోప్ కింద చూడాలి. రస్సెల్ చేపలు ఏరిన ఆ విశాఖ తీరంలోనే 1960లలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు వాల్తేరు బీచ్ ఇసుక రేణువుల మధ్య బతికే అతిచిన్న పాలీకీట్‌ల మీద పనిచేశారు. మనం పల్లీలు తింటూ నడిచే ఇసుకే అది.

కుండీ కింద కనిపించిన దాన్నీ ఇలాగే తేల్చుకోవచ్చు. తడిగా, ఒళ్లంతా ఉంగరాలుగా ఉండి, పొడుగు సాగుతూ కుదించుకుంటూ పోతే వానపాము. పొడిగా, నున్నగా మెరుస్తూ, చిన్న నాలుక బయటపెడుతుంటే పాము. చంపక్కర్లేదు, మట్టిలో వదిలేయండి.

రక్తపింజర సంగతి వేరు

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. మన దేశంలో పాముకాటు మరణాల్లో ఎక్కువ ఈ నాలుగింటి వల్లే. 2000 నుంచి 2019 వరకు లెక్కలు తీసిన ఒక అధ్యయనం ప్రకారం ఇండియాలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారు. రస్సెల్ పట్టుకున్న సమస్య ఇంకా అలాగే ఉంది. తేడా ఏమిటంటే ఇప్పుడు ఆసుపత్రిలో ఇచ్చే యాంటీవెనమ్ ఈ నాలుగింటికీ కలిపి తయారుచేసిందే. కాబట్టి ఏ పామో చూద్దామని వెంటపడి పట్టుకోవాల్సిన పనిలేదు. కరిచిన చోట కోయడం, నోటితో పీల్చడం చేయకుండా, కదలనివ్వకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రక్తం గడ్డకట్టే తీరు తెలుసుకోవడానికి ల్యాబుల్లో చేసే ఒక టెస్టుకు రక్తపింజర విషమే వాడతారు. ఆ రిపోర్టు మీదా రస్సెల్ పేరుంటుంది. చేయించుకునేవాళ్లకు ఆయన విశాఖలో ఉండేవారని తెలిసే చాన్సే లేదు.

రస్సెల్ పెళ్లి చేసుకోలేదు. పాముల పుస్తకం రెండో భాగం 1801 నుంచి ముక్కలు ముక్కలుగా రావడం మొదలైంది. పూర్తికాకముందే, 1805 జులై 2న, లండన్‌లో ఆయన కన్నుమూశారు. వయసు 79. మిగిలిన బొమ్మలు, తెలుగు పేర్లతో సహా, 1809 వరకు అచ్చవుతూనే ఉన్నాయి.